మూడు కూతలు, ముగ్గురు ముద్దాయిలు

"ఈ భూమ్మీద నేరం చేసి నరసన్న కంట్లో పడకుండా తప్పించుకున్నోడు ఇంతవరకు పుట్టల్యా. ఇంగ పుట్టబోడు!"

ఆదివారం పొద్దున తొమ్మిది గంటలకు, ఎమ్మిగనూరులో తన అక్క ఇంటి నడవలో నిలబడి, నూలు వ్యాపారి నరసన్న ఈ ప్రకటన చేశాడు. ప్రకటన చేసే వేళకు అతని చేతిలో ఉన్న సరుకు ఇదీ: గుడ్డలో పోగులు లెక్కపెట్టే భూతద్దం ఒకటి, కొడితే గానీ వెలగని టార్చిలైటు ఒకటి, దుకాణం నుంచి తెచ్చిన స్టాంప్ ప్యాడ్ ఒకటి, సాక్ష్యాలు దాచడానికి పాత నశ్యం డబ్బా ఒకటి, నల్లకళ్ళద్దాలు ఒక జత. పూర్వానుభవం, రెండు కేసులు. మొదటిది శేషప్ప మేక మాయమైన కేసు. ముగ్గురిని అనుమానించి ఇద్దరితో తగాదా పడేసరికి మేక తనే నడుచుకుంటూ ఇంటికొచ్చింది. రెండోది నరసన్న సొంత చెప్పుల కేసు. అది ఇంకా దర్యాప్తులో ఉంది. ఇవి కాక మేధస్సు. దాన్ని తూచే కాటా ఎమ్మిగనూరులో లేదని అతని అభిప్రాయం. ఆ మాటతో ఊళ్ళో అందరూ ఏకీభవిస్తారు, కాకపోతే వాళ్ళు చెప్పే కారణం వేరు.

ఎదురుగా బల్ల మీద శవం ఉంది. శవమంటే, నిన్న సాయంత్రం బిగించిన కొత్త కంప్యూటర్. మీట నొక్కితే లోపల ఫ్యాన్లు తిరుగుతాయి, నీలం లైట్లు వెలుగుతాయి. బీప్, బీప్, బీప్ అని మూడు కూతలు కూస్తుంది. తెర మాత్రం చీకటి.

అది ఉత్త కంప్యూటర్ అయితే ఇంత గొడవ ఉండేది కాదు. అది ఒక మగ్గం.

బావ కుమారస్వామికి రెండు మగ్గాలుండేవి. ఆయన కూతురు భాగ్య కాలేజీలో కంప్యూటర్ మీద దుప్పట్ల అంచులకు డిజైన్లు గీయడం నేర్చుకుంది. బళ్ళారిలో ఒక దుప్పట్ల వ్యాపారి వాటిని చూసి ముచ్చటపడి, ఈ ఆదివారం సాయంత్రం ఆరు గంటలలోపు ఆరు డిజైన్లు పంపితే, నచ్చిన పక్షంలో ఏడాదికి సరిపడా నేత మీకే ఇస్తానన్నాడు. ఇంట్లో కంప్యూటర్ లేదు. కొనాలంటే ఒక మగ్గం అమ్మాలి. కుమారస్వామి వారం రోజులు గడ్డం గోక్కుంటూ కూర్చున్నాడు. నరసన్న వచ్చి ఒక్క పూటలో తేల్చేశాడు.

"అమ్మెయ్ బావా. దేనికీ భయపడొద్దు. నేనుండా గదా!"

పక్కింటి వీరేష్ మగ్గం కొనుక్కున్నాడు. నరసన్నే ఆదోని పోయి, జగదీష్ దుకాణంలో బేరమాడి, భాగాలన్నీ విడివిడిగా కొనిపించాడు. భాగ్యకు కావలసిన మగ్గం సాఫ్ట్‌వేర్ జగదీషే డిస్కులోకి ఎక్కించి ఇచ్చాడు. శుక్రవారం వాటిని కొత్త టవల్ మీద పరిచి, కొత్త మగ్గానికి చేసినట్టే పూజ చేశారు. శనివారం భాగ్య ఫోన్‌లో వీడియో చూసుకుంటూ, "వర్జ్యం వస్తాంది, బిన్నా బిగించు" అని తల్లి వెనక నుంచి తరుముతుంటే, అన్నీ బిగించేసింది. తర్వాత మూడు కూతలు.

నాలుగు డిజైన్లు పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయి. మిగిలిన రెండింటికి రెండు గంటల పైన పని ఉంది. ఆదివారం కాబట్టి కాలేజీ మూత. నెట్ సెంటర్ వాడు తన కంప్యూటర్‌లో మగ్గం సాఫ్ట్‌వేర్ ఎక్కించనీయడు. అంటే మధ్యాహ్నం మూడున్నర దాటితే మగ్గమూ పోయినట్టే, నేతా పోయినట్టే. మిగిలేది "నేనుండా గదా" అన్న రెండు మాటలు. ఆ రెండు మాటల బరువు రాత్రంతా నరసన్నకు నిద్ర పట్టనీయలేదు.

అందుకే ఇది నేరమై తీరాలి. నేరమైతే నేరస్థుడు ఉంటాడు. నేరస్థుడు లేకపోతే, సరుకు చెడ్డదనాలి. సరుకు చెడ్డదైతే, ఎంచినవాడి పేరు చెప్పాలి. ఆ లెక్క ఎటు తిప్పినా నరసన్న దగ్గరే తేలుతోంది.

"మామా," అంది భాగ్య, "జగదీషన్నకి ఫోన్ చేసినా. మూడు కూతలంటే ర్యామ్ పట్టల్యా అని అర్థమంట. తీసి ఒకసారి చూసి మళ్ళీ పెట్టమన్నాడు. రెండు నిమిషాల పని."

"ముట్టొద్దు!" నరసన్న రెండు చేతులూ చాచి కంప్యూటర్‌కి అడ్డంగా నిలబడ్డాడు. "ఇది నేరస్థలం!"

"ఇది మా ఇల్లు మామా."

"నేరం జరిగినంక అది ఇల్లు కాదు పాపా."

"అట్లయితే నేను అన్నం యాడ వండల్లరా?" అంది అక్క వెంకటేశ్వరమ్మ వంటింటి గుమ్మంలోంచి.

"నేరస్థలం అంచున వండుకో అక్కా. పరిశోధనకి అడ్డం రావొద్దు."

"కాపీ తాగుతావా?"

"రోంత చక్కెర ఎక్కువెయ్యి."

కాఫీ తాగి నరసన్న యంత్రం మీట నొక్కాడు. మూడు కూతలు. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ మూడే. కళ్ళు మూసుకుని, ముక్కు మీద వేలేసుకుని, సన్నగా నవ్వాడు.

"అర్థమయింది. చచ్చేవాడు ఆఖరి ఊపిరితో హంతకుల లెక్క చెప్పి పోతాడు. ఇది గూడా అదే చెప్తాంది. మూడు కూతలు, ముగ్గురు ముద్దాయిలు!"

"ఆ కూతలకి అర్థాలు రాసిన పుస్తకం ఒకటి డబ్బాలో వచ్చింది మామా. రాత్రి నుంచి వెతుకుతాండా, అగపడల్యా."

"చూసినావా? పుస్తకం గూడా మాయం! పెద్ద ముఠానే ఉండాది దీని వెనక." నరసన్న బల్ల మీద చేతికందిన నున్నటి పుస్తకం ఒకటి లాక్కుని, దాని మీద తెల్లకాగితం పరిచి, మొదటి ఆధారం రాసుకున్నాడు: 'పుస్తకం మాయం.'

అప్పుడే వీరేష్ వచ్చాడు. అమ్మిన మగ్గం తాలూకు నాడె, అంటే అడ్డపోగును అటూ ఇటూ తిప్పే కొయ్య, ఒకటి ఇక్కడే మిగిలిపోయిందట.

నరసన్న వాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, మొహం మీద టార్చి వేశాడు. వెలగలేదు. కొట్టాడు. వెలిగింది.

"ఏమప్పా వీరేషా, నిన్న సాయంత్రం ఐదున్నరకి యాడుండావు?"

"ఈడనే ఉండా."

నరసన్న టార్చి దించాడు. మొదటి ప్రశ్నకే ముద్దాయి ఒప్పుకున్న కేసు ఇంతవరకు అతను వినలేదు. "ఒప్పుకుంటాండావా?"

"ఒప్పుకోకేమన్నా? మగ్గం మోసినోళ్ళం నేను, కుమారన్న, నువ్వు. ముందర పట్టుకుంటానని వెనక్కి వచ్చినావు. వెనక పట్టుకుంటానని వదిలేసినావు. నా కాలి మీద పడింది. ఇంగా వాపు దిగల్యా, చూడు."

భాగ్య నవ్వు ఆపుకోలేక గోడవైపు తిరిగింది. నరసన్న గంభీరంగా రాసుకున్నాడు: 'మొదటి ముద్దాయి. కాలికి వాపు. కారణం అనుమానాస్పదం.'

"నేనెందుకప్పా కంప్యూటర్ పాడు చేస్తా?" అన్నాడు వీరేష్.

"మగ్గం తీసుకుపోయినోడివి. ఈ ఇంట్లో ఇంగో మగ్గం లేస్తే ఓర్చుకోలేవు."

"ఆ పాప డిజైన్లు ఒప్పుకుంటే నాకూ నేత దొరుకుతాదని ఆశ పడతాండా అన్నా నేను. తిక్క మాటలు మానుకో."

ఆ జవాబు నరసన్న రాసుకోలేదు. కేసుకు పనికిరాని మాటలు రాస్తే కాగితం దండగ.

ఇక శవపరీక్ష. నక్షత్రం స్క్రూడ్రైవర్‌తో పక్క రేకు విప్పాడు. లోపల ఫ్యాను నడిమధ్యన, పవర్ డబ్బా మీద, రేకు మీద, ఎటు చూసినా శుక్రవారం పూజ తాలూకు బొట్లు. వాటిని అతను పట్టించుకోలేదు. దేవుడి వస్తువుల్ని ఏ డిటెక్టివూ అనుమానించడు. జేబురుమాలు వేళ్ళకు చుట్టుకుని, ర్యామ్ బిళ్ళను ఊడదీశాడు. రెండు వేళ్ళ వెడల్పు, జానెడులో సగానికి కాస్త ఎక్కువ పొడవు. అడుగంచున బంగారు రంగు పళ్ళు వరసగా ఉన్నాయి. భూతద్దం పెట్టి చూశాడు.

చూసి, రెండడుగులు వెనక్కి వేసి, అక్క వండిన చిత్రాన్నం గిన్నె మీద కూర్చోబోయి తప్పించుకున్నాడు.

బంగారు పళ్ళ మీద, ఎండి నల్లబారిన ఎరుపులో, వేలిముద్ర!

"రక్తం!"

"యాడరా?" అక్క గరిటెతో పరుగెత్తుకొచ్చింది.

"దగ్గరికి రావొద్దు! ముద్దాయి బిగించేటప్పుడు వేలు కోసుకున్నాడు. తన రక్తంతో తన పేరు తనే రాసుకుని పోయినాడు!"

"బిగించింది నేను మామా," అంది భాగ్య పది వేళ్ళూ చూపించి. "యాడా తెగల్యా. ఏదీ, నన్నొకసారి చూడనీ."

"సాక్ష్యం మీద ఇంకొకరి చెయ్యి పడగూడదు." ర్యామ్‌ను జేబురుమాల్లో చుట్టి, నశ్యం డబ్బాలో ఏటవాలుగా దూర్చి, సగం బయటికి కనిపిస్తుంటే పైన రబ్బరుబ్యాండు వేశాడు. "నేను ఆదోని పోతాండా. రెండో ముద్దాయి ఆడుండాడు."

"మామా, అది లేకుండా నేనేం చేయల్ల ఈడ?"

"ఓపిక పట్టు. నేనుండా గదా!"

ఆ మాటకు మగ్గాల గదిలోంచి కుమారస్వామి దగ్గు వినిపించింది.

*

మారువేషం లేకుండా ముద్దాయిని కలవడం పరిశోధనా ధర్మం కాదు. ఆదోనిలో బస్సు దిగి, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, భుజం మీది టవల్ తలకు చుట్టి, నరసన్న కర్ణాటక సరిహద్దులోని హొళగుంద రైతుగా మారిపోయాడు. జగదీష్ దుకాణంలోకి అడుగుపెట్టి, గొంతు లావు చేసి, తనది హొళగుంద అని, ఒక కంప్యూటర్ కావాలని కన్నడంలో అందుకున్నాడు.

"ఏనప్పా, ఒందు కంప్యూటర్ బేకిత్తు. నమ్దు హొళగుంద."

జగదీష్ తల ఎత్తలేదు. ఏదో తీగ అతికిస్తున్నాడు. "కూర్చో నరసన్నా. టీ చెప్పేదా?"

"నరసన్న యారు? గొత్తిల్ల." ఆ పేరే ఎరగనట్టు తల అడ్డంగా ఊపాడు.

"తలకి చుట్టుకున్న టవల్ అంచున నీ దుకాణం పేరు నేసుండాది సామీ. ఫోన్ నంబరు గూడా ఉండాది." అని, తనది కూడా హొళగుంద వైపే కాబట్టి, ఊళ్ళో వానలెట్లున్నాయి, పత్తి ఏ మాత్రం దిగింది, పెద్దయ్య గారి ఎద్దు కోలుకుందా అని గుక్క తిప్పుకోకుండా కన్నడంలో అడిగాడు.

నరసన్న దగ్గరున్న కన్నడం సరుకు ఆ నాలుగు వాక్యాలతోనే ఖాళీ అయిపోయింది. కళ్ళద్దాలు తీసి కూర్చున్నాడు.

"టీలో చక్కెర ఎక్కువ," అన్నాడు.

"ర్యామ్ తెచ్చినావా? ఇటియ్యి. నా మిషన్‌లో పెట్టి ఒక్క నిమిషంలో చూసి చెప్తా."

నరసన్న డబ్బాను గుండెకు హత్తుకున్నాడు. "ముద్దాయి చేతికి సాక్ష్యం ఇచ్చే తిక్కోని మాదిరి అగపడతాండానా?"

"ముద్దాయినా? నేనా?"

"మూడింట ఒక వంతు."

"సరే. ఆ వంతుకి నేరమేమి?"

"పాత సరుకు అంటగట్టినావు."

జగదీష్ తీగ కింద పెట్టి, నరసన్న మొహంలోకి చూశాడు. "చూడన్నా, నువ్వు చేసిన బేరానికి పాతది ఇచ్చినా పాపం ల్యా. కంప్యూటర్ని కిలో లెక్కన అడిగిన మనిషిని నా జన్మలో నిన్నొక్కన్నే చూసినా. మౌసు ఊరికే ఇస్తే గానీ మెట్టు దిగనని గంట సేపు కూర్చున్నావు. అయినా గానీ, ఆ పాప ఒక్కో డబ్బా సీలు చూసుకుని తీసుకుంది. అన్నీ కొత్తవే. సరుకులో దోషం ల్యా."

నరసన్నకు ఆ మాట సంతోషమే కలిగించింది. సరుకు మంచిదైతే ఎంచినవాడు మంచివాడు. కానీ అదే మాట కేసును కూలదోస్తోంది. ఒకే వాక్యంలో లాభమూ నష్టమూ సమానంగా రావడం వ్యాపారంలో అరుదు. అతను ఏ మొహం పెట్టాలో తేల్చుకోలేకపోయాడు.

"ఇంగో ర్యామ్ ఉంటే ఇయ్యి మరి."

"ఆ రకం ల్యా. మంగళవారానికి వస్తాది. ఎమ్మిగనూరు నుంచి ఆదోని దాకా ఉన్నది ఒక్కటే. అది నీ నశ్యం డబ్బాలో ఉండాది."

ఫోన్ మోగింది. జగదీష్ ఎత్తి, విని, "ఈడనే ఉండాడమ్మా, హొళగుంద నుంచి ఇప్పుడే దిగినాడు," అని నరసన్న చేతికిచ్చాడు.

భాగ్య నవ్వలేదు. నవ్వకపోవడమే నరసన్నకు కొత్తగా ఉంది.

"మామా, పన్నెండున్నర అయింది. నాయన అన్నం తినల్యా. మగ్గం తీసేసిన తావులో గోడకి ఆనుకుని కూర్చున్నాడు. ఏమడిగినా మాట్లాడల్యా. నువ్వు ఏం పరిశోధన చేసుకుంటావో చేసుకో. ఆ ర్యామ్ మాత్రం తెచ్చియ్యి మామా. నీకు దండం పెడతా."

నరసన్న టీ సగంలో వదిలేసి లేచాడు. చక్కెర ఎక్కువ వేసిన టీ అతను సగంలో వదలడం ఆదోని చరిత్రలో అదే మొదలు.

తిరుగు బస్సు ఆలస్యంగా దొరికింది. అందులో గంట సేపు కిటికీ పక్కన కూర్చుని మనసులోనే లెక్క వేసుకున్నాడు. వీరేష్‌కు నేత కావాలి, వాడు పాడు చేయడు. జగదీష్ సరుకు మంచిది. ఇద్దరు ముద్దాయిలు ఖర్చయిపోయారు. ఇక మూడోవాడు. వాడి వేలిముద్ర ఈ డబ్బాలో ఉంది. ఈ ముద్ర ఒక్కటి తేలితే "నేనుండా గదా" అన్న మాట నిలబడుతుంది. తేలకపోతే, బావ కూర్చున్న ఆ ఖాళీ తావు వైపు జన్మలో తలెత్తి చూడలేడు.

*

ఇంటికి చేరేసరికి రెండుంబావు. "ఇస్తా పాపా, ఇస్తా. ఒక్క అరగంట. ముద్ర తీసుకుని ఇచ్చేస్తా," అని బతిమాలి, నున్నటి పుస్తకం మీద కాగితం పరిచి, స్టాంప్ ప్యాడ్ తెరిచాడు.

మొదట అక్క. "పెళ్ళినాడు పెట్టినా సంతకం. మళ్ళా ఇప్పుడు వేలిముద్రా?" అని గొణుగుతూనే పెట్టింది. భాగ్య గడియారం చూస్తూ పెట్టింది. నాడె కోసం వచ్చి కేసు చోద్యం చూస్తూ ఉండిపోయిన వీరేష్, "నా కాలి ముద్ర గూడా తీసుకోన్నా, వాపు తెలుస్తాది," అంటూ పెట్టాడు.

కుమారస్వామి దగ్గరికి నరసన్న తనే వెళ్ళాడు. బావ గోడకు ఆనుకుని ఉన్నాడు. నేల మీద మగ్గం గుంట, చుట్టూ దూది నలుసులు. బొటనవేలు చాచాడు. కాగితం మీద నల్లటి మచ్చ పడింది గానీ అందులో గీతలు సగం లేవు.

"సరిగా పడల్యా బావా."

"నలభై ఏండ్లు పోగులు పట్టిన వేలు నరసన్నా. గీతలన్నీ మగ్గం తినేసింది." కుమారస్వామి వేలు పంచెకు తుడుచుకున్నాడు. "ఆ తిన్న మగ్గమే ఇప్పుడు ల్యా."

నరసన్న స్టాంప్ ప్యాడ్ మూత పెట్టాడు. కాగితం పట్టుకుని వెనక గదిలోకి పోయి, తలుపు దగ్గరికి వేసుకున్నాడు.

ఇప్పుడు ర్యామ్ మీది ముద్రను కాగితం మీదికి ఎత్తాలి. పెన్సిల్ ములుకు గీకి ఆ పొడి చల్లితే ముద్ర తేలుతుందని అతనికి ఎక్కడో చదివిన గుర్తు. భాగ్య గీతల కాగితాల పక్కన పెన్సిల్ ఉంది, బ్లేడు ఉంది. గీకాడు. డబ్బాలోంచి ర్యామ్ తీసి, పళ్ళ మీద పొడి చల్లాడు. ఊపిరి బిగబట్టి, భూతద్దంతో సహా ముక్కు ఆనేంత దగ్గరికి వంగాడు.

డబ్బా పాతదే గానీ నశ్యం ఇంకా కొత్తగానే ఉంది. పొద్దున నుంచి అందులో కూర్చున్న ర్యామ్ నిండా అదే పట్టి ఉంది.

ఆ తుమ్ముకు పెంకుల మీది పావురాలు లేచిపోయాయి. పెన్సిల్ పొడి మొహమంతా పడింది. ర్యామ్ చేతిలోంచి జారింది. కింద పడకుండా రెండు చేతులతో ఒడిసి పట్టుకున్నాడు. పట్టుకున్నది పళ్ళ దగ్గరే. విప్పి చూస్తే, వేలిముద్ర లేదు. ఎరుపూ నలుపూ కలిసి, ఒక చివర నుంచి ఇంకో చివరకు, బురదలో బర్రె దొర్లినట్టు ఒకటే పులుముడు.

కేసు పోయింది. మూడో ముద్దాయి పోయాడు. "నేనుండా గదా" కూడా పోయింది.

మిగిలినవి రెండు దారులు. బయటికి పోయి సాక్ష్యం తుమ్ముకు పోయిందని చెప్పడం ఒకటి. అసలు సాక్ష్యమే లేదన్నట్టు శుభ్రం చేసేయడం రెండోది. ఏ దారిలో నష్టం తక్కువో వ్యాపారికి ఒకరు చెప్పనక్కర్లేదు. భాగ్య రబ్బరు పక్కనే ఉంది. నరసన్న అది అందుకుని ముందువైపు రుద్దాడు, వెనకవైపు రుద్దాడు. అక్క చిన్నప్పుడు తన పలక తుడిచినట్టు, ఒక్కో పన్ను విడివిడిగా రుద్దాడు. రుద్దుతూ మధ్యలో ఒకసారి కళ్ళు తుడుచుకున్నాడు. నశ్యం వల్లే అని తనకు తనే చెప్పుకున్నాడు. ఆఖరున పంచె చెంగుతో దులిపేసరికి పళ్ళు కంసాలి కొట్లో నగల్లా తళతళలాడాయి.

తలుపు తెరుచుకుంది.

"మూడుంబావు అయింది మామా. ఇంగ చాలు. ఇయ్యి."

"పాపా, ఒక మాట చెప్పల్ల..."

"తర్వాత చెప్పు." భాగ్య ర్యామ్ లాక్కుని పోయింది.

నరసన్న గుమ్మం దాటి రాలేదు. అక్కడి నుంచే విన్నాడు. ర్యామ్ కూర్చున్న చప్పుడు, టక్ టక్. మీట నొక్కిన చప్పుడు. ఫ్యాన్ల హోరు.

బీప్.

రెండోది కోసం అందరూ ఎదురుచూశారు. రాలేదు. మూడోదీ రాలేదు. తెర మీద తెల్లటి వెలుగు పడి, భాగ్య మొహం మీదికి పాకింది.

మగ్గాల గదిలోంచి కుమారస్వామి లేచి వచ్చి కూతురి కుర్చీ వెనక నిలబడ్డాడు. భాగ్య అప్పటికే పెన్‌డ్రైవ్ గుచ్చేసింది. తర్వాత రెండున్నర గంటల సేపు ఆ ఇంట్లో మౌసు చప్పుడు తప్ప ఏ చప్పుడూ లేదు. అక్క గిన్నెలు కూడా మెల్లగా పెట్టింది. ఆరుకు పది నిమిషాలు ఉండగా భాగ్య వేళ్ళు విరుచుకుని, "పంపించినా నాయనా," అంది.

కుమారస్వామి అప్పుడు అన్నం పెట్టమన్నాడు.

మనుషులకు ఆకలి తీరాక నరసన్నకు మేధస్సు తిరిగొచ్చింది. వేలిముద్రల కాగితం చేతపట్టుకుని, నడవలో అదే చోట నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"పొద్దున్నే చెప్పినా. నరసన్న చెయ్యి పడితే ఏ కేసైనా..."

"మామా," భాగ్య వెనక గదిలోంచి రబ్బరు తెచ్చింది. ఒక పక్క ఎర్రగా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. "రక్తం నువ్వుల నూనె వాసన వస్తాదా?"

వెంకటేశ్వరమ్మ కూడా వాసన చూసింది. చూసి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఒరే నరసా! శుక్రవారం పూజలో కుంకుమ నూనెతో కలిపి ఇచ్చింది నేను గానీ, బొట్లు పెట్టింది ఎవరురా?"

నరసన్న తన బొటనవేలు చూసుకున్నాడు.

"కొత్త మగ్గం బిగించేటప్పుడు ఒక్కో కొయ్యకీ మేనమామ చేత బొట్టు పెట్టించేది మనింటి ఆనవాయితీ," అంది అక్క. "వద్దురా, పైన డబ్బాలకి పెడితే చాలంటే విన్నావా? 'మగ్గమైతే ప్రతి కొయ్యకీ పెడతాము, దీనికి తక్కువ చేస్తే ఎట్లక్కా?' అంటివి."

"'ఈ పళ్ళు బంగారు రంగులో ఉండాయి, లక్ష్మి ఈడనే కూర్చుంటాది' అన్నావు మామా." భాగ్య ఫోన్ తీసి చూపించింది. పూజనాటి ఫోటో. పట్టుపంచె కట్టుకుని, కళ్ళు భక్తితో అరమోడ్చి, ర్యామ్ బంగారు పళ్ళ మీద బొటనవేలు గట్టిగా అదుముతున్న మనిషిని నరసన్న మొదట ఒట్టి కంటితో చూశాడు. నమ్మకం కుదరక భూతద్దం పెట్టి చూశాడు. మనిషి మారలేదు.

ఆ కంగారులో చేతిలోని వేలిముద్రల కాగితం కింద పడింది. దాని కింద పట్టుకున్న నున్నటి పుస్తకం బయటపడింది. భాగ్య అందుకుని పేజీలు తిప్పింది.

"రాత్రి నుంచి వెతికిన పుస్తకం ఇదే. ఈడ ఉండాది చూడు. మూడు కూతలు, మెమరీ దోషం. తీసి, పళ్ళు శుభ్రంగా తుడిచి, మళ్ళీ పెట్టవలెను."

"ముగ్గురంటివి గదన్నా," అన్నాడు వీరేష్ కాలు నిమురుకుంటూ. "మూడోవాడు దొరికినట్టేనా?"

భాగ్య కింద పడిన కాగితం తీసి, నాలుగు వేలిముద్రల కింద ఖాళీ చూపించి, స్టాంప్ ప్యాడ్ మూత తీసి పట్టుకుంది. "పెట్టు మామా."

నరసన్న కాసేపు అందరి మొహాలూ చూశాడు. బావ మొహం ఆఖరున చూశాడు. కుమారస్వామి నవ్వుతున్నాడు. నెల రోజుల్లో ఆయన నవ్వడం అదే మొదలు. నరసన్న బొటనవేలు ప్యాడ్‌కు అద్ది, గట్టిగా అదిమాడు. గీతలన్నీ స్పష్టంగా పడ్డాయి.

సోమవారం పదిన్నరకు బళ్ళారి నుంచి ఫోన్ వచ్చింది. ఆరింటిలో నాలుగు అంచులు నచ్చాయి. ఏడాది నేత ఖాయం. ఒక మగ్గంతో అది తెమిలేది కాదు కాబట్టి, వీరేష్ ఇంట్లో ఉన్న పాత మగ్గం మీద కూడా భాగ్య అంచే ఎక్కింది. ఇప్పుడు ఆ గోడకు ఇటూ అటూ రెండు మగ్గాలూ ఒకే అంచు నేస్తున్నాయి. కుమారస్వామి మధ్యాహ్నం పూట పని ఆపి, పక్కింటి నాడె చప్పుడు వింటాడు.

నరసన్న ఫీజు అడిగాడు. అడగడం వ్యాపారి ధర్మం. భాగ్య ఆలోచించి ఇచ్చింది.

కేసు ముగిసేసరికి ఆఖరి లెక్క ఇదీ. పట్టుబడిన ముద్దాయి ఒకడు. విడుదలైన నిర్దోషులు ఇద్దరు. అందులో ఒకరికి కాలి వాపు తగ్గింది. ఖర్చయిన కన్నడం, నాలుగు వాక్యాలు. చెప్పుల కేసు, ఇంకా దర్యాప్తులోనే. ఇకముందు ఆ ఇంటికి ఏ యంత్రం వచ్చినా మేనమామ బొట్టు పెట్టడానికి అట్టడబ్బా మాత్రమే ఇవ్వాలని ఇంటిల్లిపాది తీర్మానం. ఇవన్నీ పోను నరసన్న చేతిలో నికరంగా మిగిలింది, సగం అరిగి, ఒక పక్క ఎర్రబడిన రబ్బరు ఒకటి. దాన్ని అతను నశ్యం డబ్బాలో దాచుకున్నాడు.

ఈసారి డబ్బా కడిగి.